పోస్టులో వచ్చే డీవీడీలు: పగిలితే సరే, పోతేనే టెన్షన్

న్యూజెర్సీలో ఉన్నప్పుడు, 2006 నుంచి 2013 దాకా, సినిమాలు పోస్టులో తెప్పించుకునే చూశాం. కంపెనీ పేరు ఇప్పుడెందుకులెండి, మూతపడి చాలా కాలమైంది. నెట్‌ఫ్లిక్స్ 1999లో మొదలుపెట్టిన చందా పద్ధతే వీళ్ళదీనూ, కాకపోతే మన సినిమాలు కూడా ఉండేవి. నెలనెలా చందా కడితే ఒకేసారి మూడు డిస్కులు. ఒకటి తిప్పి పంపితే లిస్టులో తర్వాతది బయల్దేరేది. సినిమాలకి కొదవ లేదు. చెప్పాల్సిందల్లా కస్టమర్ కేర్ గురించే.

పగిలినవి ఏడాదికి రెండో మూడో తగిలేవి. కవరు చూస్తే ముడత కూడా ఉండదు. డిస్కుని లైటుకి అడ్డంగా పట్టుకుంటే మధ్య రంధ్రం అంచు నుంచి వెంట్రుకంత గీత కనిపిస్తుంది. ప్లేయర్ డేటాని లోపలి నుంచి బయటికి చదువుకుంటూ పోతుంది కాబట్టి, ఆ గీత కాస్త పాకిందంటే మెనూ కూడా రాదు. టకటకమని చప్పుడొక్కటే.

తప్పంతా ఈ కంపెనీదే అనలేను. ఉత్తరాలు వేరుచేసే పోస్టాఫీసు సార్టింగ్ మెషీన్లలో డిస్కులు విరగడం అక్కడ పెద్ద గొడవే అయింది. వీడియో గేములు అద్దెకిచ్చే గేమ్‌ఫ్లై 2009లో, అమెరికా తపాలా సంస్థ మీద ఫిర్యాదులు వినే పోస్టల్ రెగ్యులేటరీ కమిషన్‌కి ఎక్కింది. నెట్‌ఫ్లిక్స్ కవర్లని చేత్తో ఏరి పక్కన పెడుతున్నారు, మా డిస్కులు మాత్రం మెషీన్లలో పడి విరుగుతున్నాయి అని. మా డీవీడీల కంపెనీవాళ్ళు పంపేది కూడా పల్చటి కవరే. లోపల అట్టముక్క పెట్టండని రెండుసార్లు రాశాను. ఒక నెల పెట్టి మానేశారు.

అయితే పగిలిందని సైటులో నొక్కితే చాలు, పాతది వెనక్కి చేరేదాకా ఆగకుండా ఇంకోటి పంపేసేవాళ్ళు. ఇందులో వంక పెట్టడానికి లేదు. గీతలు పడ్డవాటితోనే చిక్కు. మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఒక సినిమా సరిగ్గా క్లైమాక్స్‌కి ముందు గళ్ళుగళ్ళుగా విడిపోయి ఆగిపోయింది. "టూత్‌పేస్ట్ రాసి తుడవరా, మీ బాబాయి అట్లాగే చేస్తాడు" అంది. తుడిస్తే ఇంకో ఐదు నిమిషాలు నడిచింది. "ఇక్కడ ఆగిపోతోంది" అని పసుపు చీటీ రాసి డిస్కు పెట్టే సంచీకి అంటించి పంపాను. మార్చి పంపిన డిస్కు కూడా అక్కడే ఆగింది. సంచీ తిప్పి చూస్తే నా చీటీ జిగురు మరక!

మాకు రావాల్సినవైనా, మేం తిప్పి పంపినవైనా, దారిలో పోయిన డిస్కుల సంగతి వేరు. మొదటి మూడింటికి "పర్వాలేదు, ఇంకోటి పంపుతున్నాం" అన్నారు. అదే ఏడాది నాలుగోది పోయేసరికి మెయిల్ వచ్చింది, ఇకపై నాకు ఒకసారికి ఒక్కటే డిస్కని. చందా మాత్రం మూడింటిదే. ఫోన్ చేస్తే అవతలి కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. పోస్టులో వేసినట్టు రసీదు ఉందా అన్నాడు. వాళ్ళే స్టాంపు కట్టి ఇచ్చిన కవరుకి రసీదు ఎక్కడిది? పగిలినదైతే చూపించొచ్చు, పోయినదానికి మన మాట తప్ప ఏముంటుంది?

రెండు నెలలకి పక్క బిల్డింగులో మా ఫ్లాట్ నంబరే ఉన్న ఆయన ఒక కవరు తెచ్చిచ్చాడు. మా పేరు మీద వచ్చిందే, ఊరెళ్ళి వచ్చి ఇప్పుడే చూశాడట. విషయమంతా ఉత్తరం రాసి, దాంతోపాటే వెనక్కి పంపాను. వారం తిరక్కముందే మళ్ళీ మూడు డిస్కులు రావడం మొదలైంది. ఉత్తరానికి జవాబు లేదు, ఆ రెండు నెలల చందా ఊసూ లేదు.