తెగిన వేలు: అతికించాలా, మొండి మూసేయాలా, కాలి వేలు తెచ్చి పెట్టాలా?

పవర్ ప్రెస్‌లోనో, గడ్డి కోసే మిషన్‌లోనో వేలు తెగినవాళ్లను ఆస్పత్రికి తీసుకొచ్చిన బంధువులు ముందుగా అడిగేది "అతుకుతుందా డాక్టర్ గారూ?" అని. చాలాసార్లు అతుకుతుంది. 1965లోనే జపాన్‌లోని నారాలో కొమాత్సు, తమాయ్ అనే సర్జన్లు పూర్తిగా తెగిపోయిన బొటనవేలిని అతికించారు. ఇప్పుడు కోయంబత్తూరు గంగా హాస్పిటల్ ఈ పనికి దేశమంతా పేరున్న చోటు. మన పెద్ద నగరాల్లోనూ మైక్రోసర్జరీ చేసే ప్లాస్టిక్ సర్జన్లు ఉన్నారు. అయితే చేతి గాయాలకు ఫిజియోథెరపీ చేయించేవాడిగా నేను చూసేది ఆ తర్వాతి సంగతి. ఆర్నెల్లు పోయాక ఆ మనిషి ఆ వేలితో ఏం చేయగలుగుతున్నాడు?

అతికించడమంటే ముందు ఎముకను కాస్త పొట్టి చేసి వైర్లతో నిలబెట్టాలి. తర్వాత టెండన్లు, అంటే కండను ఎముకకు కలిపే తాళ్లు, కలపాలి. ఆపైన మిల్లీమీటరు మందం కూడా ఉండీ ఉండని రక్తనాళాలను, వెంట్రుక కంటే సన్నని దారంతో మైక్రోస్కోప్ కింద కుట్టాలి. ఒక్క వేలికే గంటల తరబడి పడుతుంది. ఆ తర్వాత కొన్ని రోజులు అసలు టెన్షన్. నర్సు వచ్చి వేలి కొసను నొక్కి వదిలి, ఎర్రదనం ఎంతసేపట్లో తిరిగొస్తుందో చూస్తుంది. తెల్లగా ఉంటే రక్తం లోపలికి వెళ్లడం లేదు, నీలంగా ఉబ్బితే బయటికి రావడం లేదు. ఇలా ఉబ్బిన వేలి మీద కొన్ని ఆస్పత్రుల్లో ఇప్పటికీ జలగలు పెడతారు. సిగరెట్, బీడీ జోలికి పోకూడదు, ఆ పొగకి సన్నటి నాళాలు ముడుచుకుపోతాయి. స్పర్శ తెచ్చే నరం రోజుకు సుమారు మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి నెలల తరబడి ఓపిక పట్టాలి. బిగుసుకుపోయిన టెండన్లను విడదీయడానికి రెండో ఆపరేషన్ కూడా పడొచ్చు.

మొండి మూసేయడం, అంటే మిగిలిన వేలి కొసను చర్మంతో కప్పి కుట్టేయడం, చిన్న పని. వేలికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేస్తారు, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు, కొన్ని వారాల్లో పనిలోకి దిగుతారు. నరం కొస గడ్డ కట్టి జివ్వుమని లాగడం కొందరిని ఇబ్బంది పెడుతుంది.

ఇక ఏది మేలు అంటే, ఏ వేలు, ఎక్కడ తెగింది, ఎలా తెగింది అన్నవి చూడాలి. కత్తితో కోసినట్టు తెగితే అతికించడానికి వీలు. నలిగినా, పీక్కొచ్చినా కష్టం.

ఒక్క ఉంగరం వేలో, చూపుడు వేలో మొదలుకీ మధ్య కణుపుకీ నడుమ తెగిందనుకుందాం. వేలిని మడిచే రెండు టెండన్లు అక్కడ ఇరుకైన ఒకే గొట్టంలోంచి పోతాయి. కుట్టాక ఒకదానికొకటి అంటుకుంటాయి. వేలు బతుకుతుంది గానీ మడవబడదు. పైగా మధ్య, ఉంగరం, చిటికెన వేళ్ల లోపలి టెండన్లకు కండ ఉమ్మడిది, ఒకటి బిగుసుకుపోతే మిగతావీ గట్టిగా ముడుచుకోలేవు. పిడికిలి పట్టు పోతుంది, సుత్తి జారుతుంది. చూపుడు వేలు మొద్దుబారితే మెదడే దాన్ని వదిలేసి మధ్య వేలితో పని కానిచ్చేస్తుంది. ఇంత కష్టపడి బతికించుకున్న వేలిని "తీసేయండి సార్, అడ్డంగా ఉంది" అంటూ వచ్చేవాళ్లు ఉంటారు. అందుకే కూలి మీద బతికే పెద్దవాళ్లకి ఇక్కడ తెగిన ఒంటరి వేలిని మూసేయడమే మేలని నా అభిప్రాయం.

అదే వేలు మధ్య కణుపు దాటాక తెగితే లెక్క మారుతుంది. మధ్య కీలు తన టెండన్‌తో తాను ఆడుతుంది కాబట్టి అతికించిన వేలు బాగా పనికొస్తుంది. పిల్లలకైతే ఎక్కడ తెగినా ప్రయత్నించాల్సిందే, వాళ్ల నరాలు పెద్దవాళ్ల కంటే బాగా కోలుకుంటాయి. రెండు మూడు వేళ్లు ఒకేసారి పోయినా అంతే. వీణ వాయించేవాళ్లు, పెళ్లి కావాల్సిన అమ్మాయి "నాకు వేలు కావాలి" అంటే ఆ మాటకూ విలువ ఇవ్వాలి. అందం కోసమని కొట్టిపారేయడం తప్పు.

బొటనవేలి సంగతి పూర్తిగా వేరు. చేతి పనిలో 40 శాతం దాకా దానిదే అంటారు సర్జన్లు. 1923 నాటి కార్మిక పరిహార చట్టం పట్టికలో బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టంగా లెక్క కట్టారు. చూపుడు వేలు మొత్తం పోతే 14, చిటికెన వేలికి 7 మాత్రమే. పప్పన్నం కలిపి ముద్ద చేసి నోట్లో పెట్టుకునే ప్రతిసారీ చివర్లో ముద్దను తోసేది బొటనవేలే. అది బిగుసుకున్నా, పొట్టిదైనా, స్పర్శ ఉండి ఎదురు నిలబడితే చాలు, మిగతా వేళ్లు వచ్చి దానికి ఆనుకుంటాయి. కాబట్టి నలిగినా సరే, ముంజేతి నుంచి సిర తీసి అతుకు వేసైనా ప్రయత్నించాలి.

అయినా దక్కకపోతే కాలి వేలు ఉంది. 1966లో షాంఘైలో కాలి రెండో వేలిని, 1968లో ఇంగ్లండ్‌లో కాబెట్ కాలి బొటనవేలిని చేతికి మార్చారు. ఇంట్లోవాళ్లు ముందు భయపడతారు. "చెయ్యి పోయింది చాలక కాలు కూడానా?" అంటారు. కాలి వేలు తీసినా మనిషి దాదాపు మామూలుగానే నడుస్తాడు. కాలి బొటనవేలు పెడితే పట్టు గట్టిగా ఉంటుంది, చూడటానికీ చేతి బొటనవేలికి దగ్గరగా ఉంటుంది. రెండో వేలు సన్నగా కనిపిస్తుంది గానీ పాదానికి నష్టం తక్కువ. రోజంతా గట్ల మీద, బురదలో చెప్పుల్లేకుండా నడిచే రైతుకి నేనైతే రెండో వేలే మేలంటాను. సిలికాన్ వేలు ఫంక్షన్‌కి వెళ్లేటప్పుడు బాగుంటుంది. దానికి స్పర్శ లేదు, బొత్తాం పెట్టుకోలేరు.

ఏ దారి ఎంచుకున్నా మొదటి గంటల్లో చేసే పని మీదే చాలా ఆధారపడుతుంది. తెగిన వేలిని సెలైన్‌లో తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో మూతి కట్టి, ఆ కవర్‌ని ఐస్ నీళ్లలో పెట్టాలి. వేలికి నేరుగా ఐస్ తగలకూడదు. వేళ్లలో కండ ఉండదు కాబట్టి అలా చల్లగా ఉంచితే 24 గంటల దాకా, లేకపోతే 12 గంటల దాకా అవకాశం ఉంటుంది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ చేరడానికి ఆ సమయం సరిపోతుంది. మణికట్టు దాటి మోచేతి వైపు తెగితే మాత్రం ఐస్ లేకుండా 6 గంటలే గడువు.

అతకదని ఎవరన్నా ఆ వేలిని పారేయనివ్వకండి. దాని చర్మం, ఎముక పక్క వేలిని బాగు చేయడానికి పనికొస్తాయి. బొటనవేలి మొండిని దగ్గర్లోని ఆస్పత్రిలో మూయాల్సి వస్తే, ఎముకను ఇంకా కత్తిరించకుండా, ఉన్నంత పొడవు ఉంచమని గట్టిగా అడగండి. రేపు కాలి వేలు పెట్టాలంటే సర్జన్‌కి ఆ పొడవు కావాలి.