పసిపిల్లల మెదడు పెంచుతామంటూ అమ్ముతున్న పెట్టెలతో జాగ్రత్త

తిరుపతిలో కొర్లగుంట, ఎయిర్ బైపాస్ రోడ్డు ప్రాంతాల్లో పసిబిడ్డలున్న ఇళ్ళ ఆచూకీ తీసి మరీ వచ్చి, "బ్రెయిన్ కిట్" అని చెప్పి ఒక పెట్టెను అమ్ముతున్నారు. ఐదు నెలల పాప కోసం మా చెల్లెలు ఏడున్నర వేలు పెట్టి దాన్ని తీసుకుంది. అందులో నలుపు తెలుపు బొమ్మల కార్డులు, పాటలు పాడే ఒక గిలక్కాయ, రోజుకు గంటసేపు పాపకు చూపించాలని చెప్పిన వీడియోల లింకు ఉన్నాయి.

ముందుగా గిలక్కాయ సంగతి. దాని వెనుక మూతకు మర లేదు. గోటితో మీటితే మూత ఊడి, లోపలి బటన్ సెల్ (చొక్కా గుండీలా గుండ్రంగా ఉండే చిన్న బ్యాటరీ) నా అరచేతిలో పడింది. అటువంటి సెల్ పిల్లల అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. 14 ఏళ్ళలోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయినా, పెట్టె మీద ఎక్కడా అది కనిపించలేదు. ఏజెంటును అడిగితే "ఇది బొమ్మ కాదు సార్, లెర్నింగ్ మెటీరియల్" అన్నాడు. గిలక్కాయ బొమ్మ కాకపోతే మరేమవుతుందో ఆయనే చెప్పాలి.

కరపత్రంలో హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తల పేర్లు వేసి, మూడేళ్ళు నిండేలోగా ఈ కార్డులు చూపకపోతే మెదడు ఎదిగే అవకాశం శాశ్వతంగా పోతుందని రాశారు. ఆ శాస్త్రవేత్తలు నిజమే, 1981లో వారికి నోబెల్ బహుమతి వచ్చిన మాటా నిజమే. అయితే వారు 1960లలో చేసిన ప్రయోగం వేరు: పిల్లికూన ఒక కంటి రెప్పను పుట్టిన తొలి నెలల్లో కుట్టేసి, తర్వాత విప్పి చూస్తే, కన్ను బాగానే ఉన్నా మెదడులో చూపును గ్రహించే కణాలు ఆ కంటికి దాదాపుగా స్పందించడం మానేశాయి, పెద్ద పిల్లికి అలాగే చేసినప్పుడు అంతటి నష్టం కలగలేదు. మామూలుగా అందవలసిన వెలుగు, ఆకారాలు అందకపోతే నష్టమని దీనివల్ల తేలిందే తప్ప, కళ్ళు తెరిచి ఇల్లంతా చూస్తున్న బిడ్డకు అదనంగా కార్డులు చూపితే తెలివి పెరుగుతుందని తేలలేదు.

వీడియోల విషయం ఇంకా అన్యాయం. అమెరికాలో పెట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనంలో, తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష మాట్లాడే మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడినప్పుడు ఆ భాషా ధ్వనుల తేడా పట్టుబడింది. అదే మనిషి అవే మాటలు టీవీలో చెప్పినప్పుడు ఏమీ పట్టుబడలేదు. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని అమ్మమ్మ చెప్పే ఊసులు ఉన్న ఇంటికి ఆ లింకుతో పనిలేదు.

ఇదంతా డబ్బు నష్టంతో పోయేదే అనుకోవచ్చు, కానీ మా వీధిలోనే మరో ఇంట్లో ఆరు నెలల బాబుకు ఒక కన్ను ఎప్పుడూ లోపలికి తిరిగి ఉంటే, కార్డులు చూపుతూ ఉంటే అదే సర్దుకుంటుందని ఈ ఏజెంటే చెప్పాడు. కరపత్రంలోని శాస్త్రం నిజంగా వర్తించేది ఇక్కడే. నాలుగు నెలలు దాటాక కూడా మెల్ల నిలిచి ఉంటే కంటి వైద్యులకు చూపించాలి. ఆలస్యమైతే మెదడు ఆ కంటిని పట్టించుకోవడం మానేసి చూపు మందగించవచ్చు. కనుపాపలో తెల్లని మెరుపు కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు, ఎందుకంటే పుట్టుకతో వచ్చే తీవ్రమైన శుక్లానికి శస్త్రచికిత్స తొలి వారాల్లోనే జరగాలి. వినికిడికీ ఇలాంటి గడువులే ఉన్నాయి: పుట్టిన నెలలోపు పరీక్ష, లోపం నిర్ధారణ మూడు నెలల్లోపు, చికిత్స ఆరు నెలల్లోపు అన్నది వైద్యులు పాటించే లెక్క.

సీలు తీశారు కాబట్టి డబ్బు తిరిగి ఇవ్వబోమని పెట్టె అమ్మినవారు చెప్పారు. బిల్లు అడిగితే వాట్సాప్‌లో ఒక ఫోటో పంపారు, అందులో జీఎస్టీ నంబరు లేదు. మేము వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. కంపెనీ ఎక్కడిదైనా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవారు తాము నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు. పెట్టె ఇప్పటికే కొన్నవారు ఫోటోలు, చెల్లింపు వివరాలు దాచుకుని, గిలక్కాయను ఈ రోజే పిల్లల చేతికి అందకుండా తీసేయండి. సెల్ కనబడకపోతే, మింగి ఉండవచ్చన్న అనుమానం ఉన్నా, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా నేరుగా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.