సవానా: పుస్తకం చదివి బయల్దేరేవాళ్లకు

జాన్ బెరెంట్ రాసిన 'మిడ్‌నైట్ ఇన్ ది గార్డెన్ ఆఫ్ గుడ్ అండ్ ఈవిల్' చదివినవాళ్లు ఎక్కువగా రెండు జట్లుగా చీలిపోతారు. సగం పుస్తకం అయ్యేదాకా హత్య ఊసే లేదేమిటి, అంతవరకూ ఊళ్లోవాళ్ల ముచ్చట్లేనా అని విసుక్కునేవాళ్లు ఒక జట్టు. ఆ ముచ్చట్లే అసలు పుస్తకం, కోర్టు గొడవ మొదలయ్యాక పట్టు సడలింది అనేవాళ్లు రెండోది. జార్జియాలోని సవానాకి ప్రయాణం కట్టే ముందు మీరు ఏ జట్టో తేల్చుకోండి. రెండో జట్టుకి ఆ ఊరు కడుపు నింపి పంపుతుంది. మొదటి జట్టుకి ముఖ్యంగా చూపించడానికి ఉన్నది ఒక్క ఇల్లు, అది కూడా హత్య గురించి పెద్దగా నోరు విప్పదు.

చదవనివాళ్ల కోసం సంగతి ఇదీ. 1981 మే 2న యాంటిక్స్ వ్యాపారి జిమ్ విలియమ్స్ తన మెర్సర్ హౌస్‌లో, తన దగ్గర పనిచేసే 21 ఏళ్ల డానీ హాన్స్‌ఫర్డ్‌ని కాల్చి చంపాడు. ప్రాణం కాపాడుకోవడానికే కాల్చానన్నాడు. ఒకే కేసుకి నాలుగుసార్లు విచారణ జరిగింది. రెండుసార్లు పడిన శిక్షని పై కోర్టు కొట్టేసింది. మూడోసారి జ్యూరీ ఒక మాట మీదికి రాలేదు. 1989లో కేసు అగస్టాకి మారాక నిర్దోషిగా బయటపడ్డాడు. 1990 జనవరిలో అదే ఇంట్లో చనిపోయాడు. పుస్తకం 1994లో వచ్చింది, న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ జాబితాలో 216 వారాలు నిలిచింది. ఊళ్లో 'ది బుక్' అంటే ఇదే.

సన్నివేశాలని తేదీలతో జోడించి చూసుకోవాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. కాల్పులు జరిగేనాటికే తను సవానాలో ఉన్నట్టు బెరెంట్ రాశాడు కానీ నిజానికి ఆ తర్వాతే వచ్చాడు. కాలక్రమం విషయంలో స్వేచ్ఛ తీసుకున్నానని పుస్తకం చివర తనే చెప్పాడు. పాఠకుల్లో చాలామంది ఆ పేజీ చదవకుండానే పుస్తకం మూసేస్తారు.

ఆల్ఫరెటా, కమింగ్, సువానీ వైపు ఉన్న తెలుగువాళ్లకి ఇది లాంగ్ వీకెండ్ ప్రయాణం. అట్లాంటా నడిబొడ్డు నుంచి సుమారు 250 మైళ్లు, నాలుగు గంటలు పడుతుంది. ఉత్తరాన ఉన్న ఊళ్ల నుంచి అయితే సిటీ దాటడానికే ఇంకో ముప్పావు గంట కలుపుకోండి. మేకన్ దాకా ఐ-75, అక్కడి నుంచి ఐ-16 నేరుగా సవానాలోకి దింపుతుంది. ఐ-16 పొడవునా పైన్ చెట్లే, ఎగ్జిట్లు దూరందూరంగా ఉంటాయి. గ్యాస్, పిల్లల తిండి, బాత్రూమ్ పనులు మేకన్‌లోనో డబ్లిన్‌లోనో ముగించుకోవడం మేలు.

మెర్సర్ హౌస్ మాంటెరీ స్క్వేర్ అనే చిన్న పార్కు పక్కన, 429 బుల్ స్ట్రీట్‌లో ఉంది. చాలామంది వెళ్లి ముందు తలుపు దగ్గర నిలబడతారు. టూర్‌కి దారి అటు కాదు, వెనక విటేకర్ స్ట్రీట్ వైపున్న క్యారేజ్ హౌస్‌లోంచి. బయల్దేరే ముందు ఆరోజు టూర్లు ఉన్నాయో లేదో కనుక్కోండి. టూర్ సుమారు అరగంట, కింది అంతస్తు మాత్రమే చూపిస్తారు. లోపల ఫొటోలు తీయనివ్వరు. గైడ్ చెప్పేది కట్టడం గురించి, సామాన్ల గురించి. జాన్ నోరిస్ నక్షా గీశాడు, 1860లో మొదలైన పని అంతర్యుద్ధంతో ఆగి ఆ తర్వాత పూర్తయింది, మెర్సర్ కుటుంబం అసలు అందులో కాపురమే ఉండలేదు, 1969లో విలియమ్స్ కొని బాగుచేయించాడు, ఇలా సాగుతుంది. కాల్పులు జరిగిన గది కింది అంతస్తులోదే అయినా అక్కడ కథ వినిపిస్తారని ఆశ పెట్టుకోకండి. పాత ఫర్నిచర్ మీద మక్కువ ఉన్నవాళ్లకి టికెట్ డబ్బులు దండగ కావు. హత్య కోసమే వెళ్లేవాళ్లు స్క్వేర్‌లో బెంచీ మీద కూర్చుని ఆ ఎర్ర ఇటుక గోడల్ని, ఇనుప బాల్కనీల్ని ఉచితంగా చూసుకుంటే చాలు. రాత్రిపూట దెయ్యాల టూర్లలో ఈ చావుని కేకలు, నవ్వులతో చెబుతారు. చనిపోయింది 21 ఏళ్ల కుర్రాడు, పుస్తకమే అతనికి న్యాయం చేయలేదని బాధపడే పాఠకులున్నారు. వాటిని వదిలేయమనే నా సలహా.

ఒక పూటంతా నడకకి కేటాయించండి. 1733లో ఈ ఊరికి పునాది వేసిన ఓగల్‌థోర్ప్ పథకం ప్రకారం పెరిగిన 24 స్క్వేర్లలో 22 మిగిలాయి. బుల్ స్ట్రీట్ పట్టుకుంటే జాన్సన్, రైట్, చిప్పెవా, మాడిసన్, మాంటెరీ వరసగా వస్తాయి, చివర ఫోర్సిత్ పార్కు. మొత్తం మైలుకి అటూ ఇటూ. ఓక్ వేళ్లు ఇటుక ఫుట్‌పాత్‌లని ఎత్తేశాయి కాబట్టి స్ట్రోలర్‌కి పెద్ద చక్రాలుండాలి. కాళ్లు లాగితే డాట్ అనే ఉచిత షటిల్ ఉంది.

బొనావెంచర్ శ్మశానం ఊరికి తూర్పున కొన్ని మైళ్ల దూరంలో, విల్మింగ్టన్ నది గట్టున ఉంది. ప్రవేశం ఉచితం. సాయంత్రం 5కి గేట్లు మూసేస్తారు, అందుకే పుస్తకంలోలా అర్ధరాత్రి అనుభవం కుదరదు. వంద ఎకరాల చోటు. కారు లోపలికి వెళ్తుంది కానీ ఇసుక దారులు ఇరుకు, ఒకచోట ఆపి నడవడమే హాయి. చూడాల్సింది కాన్రాడ్ ఎయికెన్ సమాధి. బెంచీ ఆకారంలో ఉంటుంది, వచ్చినవాళ్లు కూర్చోవాలనే ఆ కవి అలా చేయించుకున్నాడు. దాని మీద 'కాస్మోస్ మారినర్, డెస్టినేషన్ అన్‌నోన్' అని చెక్కి ఉంటుంది. పక్కనే ఆయన తల్లిదండ్రుల రాయి చూడండి. ఇద్దరూ పోయిన తేదీ ఒక్కటే, 1901లో. తండ్రి తల్లిని కాల్చి, తనని తాను కాల్చుకున్నాడు. హాన్స్‌ఫర్డ్‌ని పూడ్చింది దీన్ని ఆనుకునే ఉన్న గ్రీనిచ్ శ్మశానంలో.

పుస్తకం అట్ట మీది బొమ్మ కోసం ఈ శ్మశానంలో వెతికి అలసిపోకండి. రెండు చేతుల్లో రెండు గిన్నెలు పట్టుకున్న ఆ బర్డ్ గర్ల్ విగ్రహం సిల్వియా షా జడ్సన్ 1936లో చేసింది. పుస్తకం వచ్చాక జనం తాకిడి తట్టుకోలేక, ఇక్కడ తమ సమాధుల దగ్గర దాన్ని పెట్టుకున్న కుటుంబం తీయించింది. ఇప్పుడు టెల్ఫెయిర్ మ్యూజియమ్స్ సంరక్షణలో ఉంది. వాళ్లకి మూడు భవనాలున్నాయి, ఒకే టికెట్‌తో మూడూ చూడొచ్చు. విగ్రహం ఎందులో ఉందో కౌంటర్‌లో అడిగి వెళ్లండి. ఆ టికెట్‌లోనే వచ్చే ఓవెన్స్-థామస్ హౌస్‌ని మాత్రం వదలొద్దు. వెనక బానిసలు ఉన్న గదుల్లో తలెత్తితే పైకప్పుకి పాతబడిన నీలిరంగు కనిపిస్తుంది. దుష్టశక్తులు దరిచేరకుండా వేసిన రంగు, 'హెయింట్ బ్లూ' అంటారు. పుస్తకంలో మినర్వా అనే ఆవిడ చేసే మంత్రతంత్రాలని వింతగా చదివి వదిలేసినవాళ్లకి, ఆ నమ్మకం ఎలాంటి బతుకుల్లోంచి పుట్టిందో ఈ గది చూపిస్తుంది. ఊరు మొత్తంలో నా ఓటు దీనికే.

బస విషయంలో లెక్క సులువు. హిస్టారిక్ డిస్ట్రిక్ట్ లోపల పాత ఇళ్లలో నడిపే ఇన్‌లు అందంగా ఉంటాయి. కాకపోతే మెట్లు నిటారు, కొన్నింట్లో లిఫ్ట్ ఉండదు, కొన్ని చిన్నపిల్లల్ని రానివ్వవు. అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే కింది గది ఉందా అని ఫోన్ చేసి అడిగాకే బుక్ చేయండి. పెద్ద హోటళ్లలో గది అద్దె మీద పార్కింగ్ ఛార్జీ విడిగా పడుతుంది. ఐ-95 పక్కన పూలర్‌లో గదులు చవక, రోజూ 20 నిమిషాలు డ్రైవ్ చేసి సిటీ గ్యారేజీలో కారు పెట్టుకోవాలి. సెయింట్ పాట్రిక్స్ డే ఉన్న మార్చి మధ్య వారంలో వెళ్లొద్దు, అద్దెలు ఆకాశాన్నంటుతాయి. అది దాటాక అజేలియా పూలు ఇంకా ఉంటాయి. వసంతంలో, శరదృతువులో కంటికి ఆనని శాండ్ నాట్స్ కుట్టి చంపుతాయి, ముఖ్యంగా గాలి లేని ఉదయం, సాయంత్రం. శ్మశానానికి నిండు చేతుల చొక్కా వేసుకోండి. చెట్లకి వేలాడే స్పానిష్ మాస్ కింద పడ్డది ఏరకండి, అందులో దురద పుట్టించే చిగ్గర్స్ ఉంటాయి.

శాకాహారులకి తిండి దగ్గర జాగ్రత్త అవసరం. అలసందలు, బటర్ బీన్స్, కొలార్డ్ ఆకుకూర మెనూలో కూరగాయల కింద ఉంటాయి గానీ చాలాచోట్ల పంది మాంసం ముక్క వేసి ఉడికిస్తారు. 'వెజిటేరియనా' అని అడిగితే అవుననేస్తారు. 'హామ్ గానీ బేకన్ గానీ వేశారా, చికెన్ స్టాక్ వాడారా' అని విడివిడిగా అడగండి. బెండకాయ, టమాటా కూర కనిపించినా ఇదే ప్రశ్న. గ్రిట్స్ మొక్కజొన్న రవ్వతో చేసే జావ. రొయ్యలు లేకుండా, నీళ్లలోనో పాలలోనో వండింది అడిగి తెప్పించుకుని మన ఊరగాయ నంజుకుంటే పొద్దుటి టిఫిన్ గడిచిపోతుంది.