కో-ఆప్ ఆనర్ సొసైటీలో చేరాలా? ఒక పాత సభ్యుడి మాట

అమెరికాలో ఇంజనీరింగ్ చదువుతూ కో-ఆప్ (చదువు మధ్యలో కొన్ని నెలలు కంపెనీలో పని) చేసేవాళ్లలో మంచి మార్కులు, కంపెనీ నుంచి మంచి రిపోర్టు ఉన్నవాళ్లకు ఆనర్ సొసైటీ (ప్రతిభ చూపిన విద్యార్థుల సంఘం) నుంచి ఆహ్వానం వస్తుంటుంది. సభ్యత్వానికి డబ్బు కట్టమనగానే అనుమానం రావడం సహజం. నేను చేరి, చదువు అయ్యేదాకా ఉండి, ఉద్యోగంలోకి వచ్చాక కూడా జూనియర్లతో మాట్లాడుతూనే ఉన్నాను. చేరినందుకు నాకు చాలా మేలు జరిగింది.

1906లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ 27 మందితో కో-ఆప్ మొదలుపెట్టినప్పటి నుంచీ పద్ధతి ఇదే: కొంతకాలం క్లాసు, కొంతకాలం పని. దీనివల్ల స్నేహాలు తెగిపోతాయి. మనం క్యాంపస్‌కి తిరిగొచ్చేసరికి మన బ్యాచ్‌లో చాలామంది వేరే ఊళ్లలో పనిలో ఉంటారు. అలాంటప్పుడు సొసైటీ మీటింగుకి వెళ్తే, అదే కంపెనీలో పోయిన టర్మ్ పనిచేసి వచ్చినవాళ్లు దొరుకుతారు. ఏ టీమ్‌లో నిజమైన పని ఇస్తారు, ఆరు నెలలకే ఇల్లు అద్దెకు ఎవరిస్తారు, కారు లేకుండా ఆఫీసుకి వెళ్లగలమా... ఇవన్నీ వాళ్లే చెప్పాలి.

ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్న మనవాళ్లకు ఇంకో లాభం ఉంది. ఫుల్‌టైమ్ సీపీటీ (చదువులో భాగంగా పనిచేయడానికి ఇచ్చే అనుమతి) మొత్తం కలిపి 12 నెలలు నిండితే ఆ డిగ్రీ స్థాయికి ఓపీటీ (ముఖ్యంగా చదువయ్యాక ఆ రంగంలో పనిచేయడానికి ఇచ్చే అనుమతి) పోతుంది. మూడో కో-ఆప్‌కి ఒప్పుకునే ముందు ఒక సీనియర్ అక్క నా పక్కన కూర్చుని, పాత ఐ-20లు (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రాలు) ముందు పెట్టుకుని, తేదీలన్నీ లెక్కగట్టింది. ఆ తర్వాతే ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లి ఖాయం చేసుకున్నాను. ఆ ఒక్క సాయంత్రానికే సభ్యత్వం డబ్బు గిట్టుబాటయిందనిపించింది.

రెజ్యూమెలో పేరు చూసి ఉద్యోగం ఇస్తారనుకుంటే మాత్రం నిరాశే. నన్ను ఇంటర్వ్యూ చేసినవాళ్లు కో-ఆప్‌లో ఏం పని చేశావని అడిగారు గానీ సొసైటీ గురించి ఎవరూ అడగలేదు. గ్రాడ్యుయేషన్ గౌను మీద వేసుకునే రంగు తాడు ఇస్తారు. ఫొటోలో అది చూసి అమ్మ మురిసిపోయింది, అదీ సంతోషమే.

నన్ను బాధపెట్టింది ఒకటే. నిర్వహించే విద్యార్థులు కో-ఆప్‌కి వెళ్లిపోయిన టర్మ్‌లో మా చాప్టర్ (మా కాలేజీలోని సొసైటీ శాఖ) పూర్తిగా ఆగిపోయేది. అందుకే డబ్బు కట్టేముందు అడగండి: రెండు టర్ములకూ వేర్వేరు కార్యవర్గం ఉందా? పోయిన టర్మ్‌లో ఎన్ని మీటింగులు జరిగాయి? రుసుము ఒక్కసారేనా, ఏటా కట్టాలా?