మైగ్రేన్‌కి నల్ల కళ్లద్దాలా, గులాబీ రంగువా?

తిరుపతి మే నెల ఎండలో, ముందు బండి అద్దం తళుక్కుమని కంట్లో కొడితే నల్ల కళ్లద్దాలే దిక్కు. ఎక్కడైనా దొరుకుతాయి, ధరా తక్కువే. యూవీ రక్షణ ఉందో లేదో అడిగి కొనండి.

చిక్కంతా ఇంట్లోనే. ట్యూబ్‌లైటు కూడా పడట్లేదని గదిలోనూ అవే పెట్టుకుంటే కళ్లు చీకటికి అలవాటుపడతాయి. తీశాక మామూలు వెలుతురే సూదుల్లా గుచ్చుతుంది.

ఎఫ్‌ఎల్-41 అనే గులాబీ రంగు అద్దాల పని వేరు. వెలుతురు మొత్తాన్నీ ఆపవు. 480 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం చుట్టుపక్కల ఉండే నీలి-ఆకుపచ్చ కాంతిని ఎక్కువగా వడకడతాయి. కంటి వెనక పొర రెటీనాలో, మెలనాప్సిన్ అనే కాంతిని పసిగట్టే పదార్థం ఉన్న కణాలు బాగా స్పందించేది ఆ కాంతికే. వాటి సంకేతాలు మెదడులో తలనొప్పి దారిని కలుస్తాయి. చూపు లేని కొందరిని కూడా మైగ్రేన్‌లో వెలుతురు బాధపెట్టేది అందుకే.

గాంధీ రోడ్డు షాపుల లైట్ల కిందైనా, ఆఫీసు స్క్రీన్ ముందైనా నా ఓటు వీటికే. ధర ఎక్కువ, అందరికీ పనిచేస్తాయన్న గ్యారంటీ లేదు. గులాబీ అద్దాల్లోంచి రంగులు మారి కనిపిస్తాయి కాబట్టి, చీర రంగు మాత్రం పక్కవాళ్లని అడగాల్సిందే!

రాత్రి బండి నడిపేటప్పుడు నల్లవి అసలు వద్దు. కన్ను ఎర్రబడి, నొప్పితో వెలుతురు పడకపోతే అద్దాల బేరం ఆపి, రుయా ఆసుపత్రిలోనో అరవింద్ కంటి ఆసుపత్రిలోనో వెంటనే చూపించండి.