పక్కకు తప్పుకుంటే చాలా, అసలు వద్దనాలా? ఆసుపత్రి బోర్డులకు ఏది మేలు?

అజెండాలో ఏడో అంశం: లాండ్రీ కాంట్రాక్టు రెన్యువల్. బోర్డు సభ్యుల్లో ఒకాయన లేచి, "ఇది మా తమ్ముడి కంపెనీ అండీ, నేను కాసేపు బయట కూర్చుంటాను" అని చెప్పి వెళ్లారు. కళ్లజోడు, పెన్ను టేబుల్ మీదే ఉండిపోయాయి. తలుపు మూసుకుంది. రేటెంత అని ఎవరూ అడగలేదు. ఇంకో కొటేషన్ తీసుకున్నారా అనీ అడగలేదు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మినిట్స్‌లో "ఏకగ్రీవంగా ఆమోదం" అని రాసింది నేనే, తలుపు తీసి ఆయన్ను లోపలికి పిలిచిందీ నేనే.

రూలు ప్రకారం తప్పేమీ జరగలేదు. సంబంధం ఉందని చెప్పారు, ఓటు వేయలేదు, గదిలో లేరు. అయినా నాకు అది మనసులో ముల్లులా ఉండిపోయింది.

బోర్డు సభ్యుడికి లాభం ఉన్న లావాదేవీ ఎదురైతే ఆసుపత్రులకు ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి, ఉన్న సంబంధం చెప్పి, ఆ చర్చ నుంచి తప్పుకోవడం. రెండోది, బోర్డులో ఉన్నంతకాలం ఆసుపత్రితో వ్యాపారమే చేయకూడదని ఖరాఖండిగా పెట్టుకోవడం. మధ్యలో మూడోది ఒకటుంది: సభ్యుడి కంపెనీ కూడా పోటీ పడవచ్చు, కానీ టెండరు ద్వారానే. ఎక్కువ ఆసుపత్రులు మొదటి దారిలోనే ఉన్నాయి. అది పాతదీ, తేలికైనదీ.

దాని చరిత్ర తెలుసుకోదగ్గది. 1974లో వాషింగ్టన్ డీసీలోని సిబ్లీ ఆసుపత్రి ట్రస్టీల మీద కేసులో జడ్జి గెర్హార్డ్ గెసెల్ తీర్పు ఇచ్చారు. ఆసుపత్రి సొమ్మును కొందరు ట్రస్టీలు తమకు సంబంధం ఉన్న బ్యాంకుల్లో, వడ్డీ రాని ఖాతాల్లోనో తక్కువ వడ్డీ వచ్చే ఖాతాల్లోనో ఉంచారన్నది ఆరోపణ. విచారణలో తేలింది ఇంకా విడ్డూరం: ఫైనాన్స్ కమిటీ, ఇన్వెస్ట్‌మెంట్ కమిటీ కాగితం మీద ఉన్నాయి, కానీ పదేళ్లకు పైగా అవి కూర్చోనే లేదు. పెత్తనమంతా ఇద్దరి చేతుల్లో నడిచింది. ట్రస్టీలు తమ బాధ్యత తప్పారని జడ్జి తేల్చారు. కానీ వాళ్లను తొలగించలేదు, వాళ్ల బ్యాంకులతో లావాదేవీలు ఉండటమే నేరమనీ అనలేదు. సంబంధాలన్నీ రాతపూర్వకంగా బయటపెట్టమన్నారు, కొత్తగా వచ్చే ప్రతి ట్రస్టీ ఆ తీర్పు చదవాలన్నారు. అమెరికాలో ధర్మాసుపత్రుల బోర్డు సభ్యుల బాధ్యత గురించి మాట్లాడేటప్పుడు ఈ కేసును ఇప్పటికీ ఉదహరిస్తారు.

ఆ తీర్పులో నాకు గౌరవం కలిగించేది ఆ చివరి ఆదేశమే. కానీ చెప్పి తప్పుకుంటే చాలనే పద్ధతి మీద నా నమ్మకం సడలింది మాత్రం అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో జరిగింది చదివాకే.

2019లో యూనివర్సిటీ ఆఫ్ మేరీల్యాండ్ మెడికల్ సిస్టమ్ అనే ఆసుపత్రుల సంస్థ బోర్డులో తొమ్మిది మంది సభ్యులకు ఆ సంస్థతోనే వ్యాపార లావాదేవీలు ఉన్నాయని పత్రికలు బయటపెట్టాయి. అందులో ఒకరు అప్పటి బాల్టిమోర్ మేయర్ క్యాథరిన్ ప్యూ. ఆమె రాసిన పిల్లల పుస్తకాలకు ఆసుపత్రుల సంస్థ కొన్నేళ్లలో 5 లక్షల డాలర్లు చెల్లించింది. లెక్కకు లక్ష కాపీలు. ఆమె మేయర్ పదవికి రాజీనామా చేశారు, తర్వాత జైలుశిక్ష పడింది. సంస్థ సీఈవో పదవి పోయింది. గమనించాల్సిందేమిటంటే, పత్రికలు బయటపెట్టిన లావాదేవీల్లో చాలావాటి వివరాలు సంస్థ నియంత్రణాధికారులకు ఇచ్చిన కాగితాల్లోనే ఉన్నాయి. అంటే చెప్పాల్సిన చోట చాలావరకు చెప్పారు. ఆ కాగితాలు ఫైల్లో పడుకున్నాయి. చివరికి రాష్ట్ర చట్టసభ అదే ఏడాది చట్టం చేసి, టెండరు లేకుండా బోర్డు సభ్యులకు కాంట్రాక్టులివ్వడాన్ని నిషేధించింది, బోర్డును కొత్తగా కట్టే ఏర్పాటు చేసింది.

చెప్పేస్తే తప్పు తగ్గుతుందని మనం అనుకుంటాం. 2005లో డేలియన్ కెయిన్, జార్జ్ లోవెన్‌స్టీన్, డాన్ మూర్ అనే పరిశోధకులు దీన్ని పరీక్షించారు. ఒక గాజు సీసాలో నాణేలు. దూరం నుంచి చూసి వాటి విలువ అంచనా వేయడం ఒకరి పని. సీసాను దగ్గరగా చూసి వాళ్లకు సలహా చెప్పడం ఇంకొకరి పని. కొన్నిసార్లు ఎదుటివాళ్లు ఎక్కువ విలువ చెబితే సలహాదారుడికి డబ్బు ఎక్కువ వస్తుంది. ఆ సంగతి బయటపెట్టినప్పుడు సలహాదారులు ఇంకా పెద్ద అంకెలు చెప్పారు. విన్నవాళ్లు కాస్త తగ్గించుకున్నారు గానీ, తగ్గించాల్సినంత కాదు. "ముందే చెప్పాను కదా" అనే ధీమా మనిషికి ఎంత చనువిస్తుందో చూడండి.

అయినా నా అసలు అభ్యంతరం ఇది కాదు. తప్పుకోవడం అనేది ఓటు పడే ఐదు నిమిషాలకే పని చేస్తుంది. కాంట్రాక్టు మూడేళ్లు నడుస్తుంది. ఆ మూడేళ్లలో మరకలు పోని దుప్పట్లు వస్తాయి, తడి ఆరని గౌన్లు వస్తాయి. వార్డు హెడ్ నర్సు వాటిని వెనక్కి పంపాలి, ఫిర్యాదు రాయాలి. కంపెనీ ఎవరి తమ్ముడిదో ఆమెకు తెలుసు. ఆయన బోర్డులో కూర్చుని ఏటా జీతాల పెంపు మీద సంతకం చేస్తారనీ తెలుసు. ఆమె రాయదు. స్టోర్స్ వాళ్లు అడగరు. పర్చేజ్ ఆఫీసర్ బిల్లు ఆపడు. ఆ దుప్పటి మీద పడుకునేది కుట్లు ఇంకా ఆరని పేషెంటు. మామూలు కంపెనీలో నాసిరకం సరుకు వస్తే నష్టం డబ్బుది. ఆసుపత్రిలో ఆ నష్టాన్ని మోసేవాడికి బోర్డు ఎక్కడ కూర్చుంటుందో కూడా తెలియదు. దీన్ని సరిదిద్దే శక్తి ఖాళీ కుర్చీకి లేదు.

నిషేధానికి అడ్డు చెప్పేవాళ్ల మాట కొట్టిపారేసేది కాదు. చిన్న ఊరి ఆసుపత్రి బోర్డులోకి వచ్చేది ఆ ఊరి వ్యాపారులే, బ్యాంకు మేనేజరే. ఆక్సిజన్ సిలిండర్లు సప్లై చేసే ఏజెన్సీ చుట్టుపక్కల ఒక్కటే ఉండి, దాని యజమాని బోర్డులో ఉంటే ఏం చేయాలి? మంచి మనుషులు బోర్డుకు రావడం మానేస్తారనే భయం కూడా నిజమైనదే. కానీ దీనికి నా జవాబు సూటిగానే ఉంటుంది: ఆ ఏజెన్సీ యజమాని ఆసుపత్రికి సప్లయర్‌గా ఎంతో అవసరం, బోర్డు సభ్యుడిగా అంత అవసరం లేదు. రెండిట్లో ఒకటి ఎంచుకోమని మర్యాదగా అడగవచ్చు. సేవ చేయాలనే వచ్చినవాళ్లు ఆ మాటకు నొచ్చుకోవడం నేను చూడలేదు.

టెండరు దారి మాత్రం వినడానికి బాగుంటుంది. కానీ టెండరు నిబంధనలు రాసే ఉద్యోగికి పైవాడు ఎవరో మళ్లీ అదే ప్రశ్న. టెండరు కాంట్రాక్టు మొదటి రోజుకు న్యాయం చేస్తుంది, హెడ్ నర్సు మౌనానికి ఏమీ చేయదు.

కాబట్టి సరుకులు, సర్వీసులు, భవనాలు, బ్యాంకు ఖాతాలు లాంటి కొనడం, అమ్మడం, అద్దెల విషయంలో నిషేధమే మేలు. సభ్యుడికీ, ఆయన దగ్గరి కుటుంబానికీ, పదవి దిగిన ఏడాది దాకా. నిజంగా వేరే దిక్కు లేని అత్యవసరంలో మినహాయింపు ఉండవచ్చు, అదీ గడువు పెట్టి, రేటు మినిట్స్‌లో రాసి.

నిషేధం అందుకోలేని చోటు ఒకటుంది, అదే కష్టమైనది. బోర్డులో డాక్టర్లు ఉండాలి. వాళ్లు లేని బోర్డు లెక్కలు బాగా చూస్తుందేమో గానీ వార్డును చూడలేదు. కొత్త ఆపరేషన్ మెషిన్ కొనాలా వద్దా అన్నప్పుడు ఆ సర్జన్‌కు లాభం ఉంటుంది: కేసులు పెరుగుతాయి, పేరు పెరుగుతుంది. అలాగని ఆయన్ను బోర్డు నుంచి తీసేయలేం, ఆ మెషిన్ గురించి ఆయనకంటే తెలిసినవాళ్లు గదిలో ఉండరు. ఇక్కడ చెప్పి తప్పుకోవడమే ఉన్నవాటిలో మంచిది, కానీ నేను చూసిన పద్ధతిలో కాదు. ముందు ఆయన చెప్పేదంతా వినాలి. తయారీ కంపెనీ నుంచి ఫీజులు, ప్రయాణ ఖర్చులు ఏమైనా అందాయా అని అందరి ముందే అడగాలి. ఆ మెషిన్ వాడని ఇంకో డాక్టర్ అభిప్రాయం బయటి నుంచి రాతపూర్వకంగా తెప్పించాలి. ఆయన బయటకు వెళ్లాక చైర్మన్ టేబుల్ చుట్టూ ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడగాలి: వద్దనడానికి మీకు కనిపించే కారణం ఏమిటి? ఆ జవాబులన్నీ మినిట్స్‌లోకి ఎక్కాకే ఓటు.