థామస్ పెయిన్ కరపత్రాల కోసం ఇంగ్లండ్ తిరిగొచ్చాం: ఏ ఊళ్ళో ఏముంది, ఎక్కడ కొనొచ్చు

1790ల నాటి ఇంగ్లిష్ రాజకీయ కరపత్రాలు, అంటే రాజుల్నీ భూస్వాముల్నీ ప్రశ్నిస్తూ థామస్ పెయిన్, థామస్ స్పెన్స్ లాంటివాళ్ళు రాసినవి, అమ్మిన షాపువాళ్ళు కూడా జైలుకి పోయినవి, వాటిని సేకరిద్దామనుకునే ఎవరికైనా నేను చెప్పేది ఒకటే. కొనడం లండన్లో మొదలుపెట్టకండి. ముందు అసలువి చేత్తో పట్టుకుని చూడండి, ఆ తర్వాతే పర్సు తీయండి. మా ఆవిడా నేనూ ఈ వేసవిలో అలాగే ప్లాన్ చేసుకుని తిరిగాం, మళ్ళీ వెళ్ళినా ఇదే ఆర్డర్లో వెళ్తాం.

నా లెక్కలో ఫస్ట్ ప్లేస్ సాల్‌ఫర్డ్‌కే. మాంచెస్టర్ పక్కనే, సాల్‌ఫర్డ్ క్రెసెంట్ స్టేషన్లో దిగితే నడిచిపోవచ్చు, అక్కడ వర్కింగ్ క్లాస్ మూవ్‌మెంట్ లైబ్రరీ ఉంది. రూత్ ఫ్రో, ఎడ్డీ ఫ్రో అనే దంపతులు 1950ల్లో తమ ఇంట్లోనే మొదలుపెట్టిన కలెక్షన్ ఇది, సెలవులు దొరికితే చాలు 1937 నాటి మోరిస్ వ్యాన్ వేసుకుని దేశమంతా పాత పుస్తకాల షాపులు తిరిగేవాళ్ళట, ఇల్లంతా పుస్తకాలతో నిండిపోయాక 1987లో ఇక్కడికి మార్చారు. డబ్బున్న కలెక్టర్లు కాదండీ వీళ్ళు, కార్మిక ఉద్యమంలో పనిచేసిన మామూలు మనుషులు, అందుకే నాకు వీళ్ళంటే అంత గౌరవం. ముందే మెయిల్ పెట్టి ఏం చూడాలో చెప్పి వెళ్ళాం, పెయిన్ పుస్తకాలు బల్ల మీద తెచ్చిపెట్టారు, ఫీజేం లేదు. ఇక్కడ కూర్చుంటేనే కన్ను అలవాటవుతుంది. అప్పటి కాగితం గుడ్డపీలికలతో చేసింది, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే కాగితం పోసిన తీగల జల్లెడ గీతలు కనిపిస్తాయి, అంచు దగ్గర దారం కుట్టిన రంధ్రాలుంటాయి, తర్వాత ఎవరో పెద్ద వాల్యూమ్‌గా బైండ్ చేయించి మళ్ళీ విడదీస్తే వెన్ను మీద పాత జిగురు మిగిలిపోతుంది. ఇవన్నీ ఫోటోలో తెలియవు.

మాంచెస్టర్లోనే పీపుల్స్ హిస్టరీ మ్యూజియంలో, పెయిన్ ఫ్రెంచి విప్లవాన్ని సమర్థిస్తూ రాసిన రైట్స్ ఆఫ్ మాన్ పుస్తకం రెండో భాగం రాశాడని చెప్పే బల్ల ఉంది, అది తప్పక చూడండి. బస కాజిల్‌ఫీల్డ్‌లో కాలువ పక్కన ఉన్న యూత్ హాస్టల్లో, శుభ్రంగా ఉంది, కిచెన్ ఉంది కాబట్టి అన్నం పప్పు వండుకున్నాం, మ్యూజియానికి నడకే.

తర్వాత ల్యూయిస్. లండన్ విక్టోరియా నుంచి గంటకి కాస్త ఎక్కువ. పెయిన్ 1768 నుంచి 1774 దాకా ఇక్కడ ఎక్సైజ్ ఉద్యోగి, ఏడాదికి 50 పౌండ్ల జీతం. ఆ జీతం చాలదని తోటి ఉద్యోగులందరి తరఫున 1772లో ఒక కరపత్రం రాశాడు, ల్యూయిస్‌లోనే 4,000 కాపీలు అచ్చేశారు. మన పీఆర్సీ మెమొరాండం లాంటిదే, పార్లమెంటు సభ్యులకి పంచారు, పని కాలేదు, చివరికి 1774లో ఉద్యోగమే పోయింది, ఆ ఏడాదే అమెరికా ఓడెక్కాడు. అందరూ అమెరికా స్వాతంత్ర్యం కోసం అతను రాసిన కామన్ సెన్స్ గురించే మాట్లాడతారు గానీ నాకు మాత్రం ఈ జీతాల కరపత్రమే అన్నిటికన్నా ఇష్టం, పెయిన్ అనే రచయిత పుట్టింది అందులోనే. అతనున్న బుల్ హౌస్‌ని హై స్ట్రీట్‌లో బయటనుంచి చూశాం, అతను డిబేట్లలో పాల్గొన్న వైట్ హార్ట్ హోటల్ కూడా అదే వీధిలో, లైబ్రరీ బయట 2010లో పెట్టిన విగ్రహం ఉంది. ఫిఫ్టీన్త్ సెంచురీ బుక్‌షాప్, బౌ విండోస్ అనే పాత పుస్తకాల షాపులు రెండూ కూడా హై స్ట్రీట్‌లోనే, రెండో దాంట్లో అరుదైనవి ఎక్కువ. నవంబర్ 5 దగ్గర్లో మాత్రం వెళ్ళకండి, అక్కడి బాన్‌ఫైర్ పండగ జనంతో రూములు దొరకవు. మేం దిగిన గెస్ట్ హౌస్ పేరు చెప్పను గానీ రేటు ఎక్కువ, వేడినీళ్ళు సరిగ్గా రాలేదు, ల్యూయిస్‌కి లండన్ నుంచి పొద్దున్నే వచ్చి సాయంత్రం వెళ్ళిపోతే చాలు.

న్యూకాజిల్ స్పెన్స్ ఊరు. భూమి ఊరందరిదీ కావాలని 1775లో ఇక్కడి ఫిలసాఫికల్ సొసైటీలో ప్రసంగించి, దాన్ని అచ్చేసి అమ్మినందుకు సభ్యత్వం పోగొట్టుకున్నాడు. తర్వాత లండన్ వచ్చి, ఎడ్మండ్ బర్క్ అనే పార్లమెంటు సభ్యుడు సామాన్య జనాన్ని పందుల గుంపు అన్నాడని పిగ్స్ మీట్ (పందుల మేత) పేరుతోనే పెన్నీకి వారపత్రిక నడిపాడు, పదేపదే అరెస్టయ్యాడు. క్వేసైడ్‌లో అతని ఫలకం ఉంది. స్టేషన్ పక్కనే 1793లో పెట్టిన లిట్ అండ్ ఫిల్ లైబ్రరీకి మెంబర్ కాకపోయినా వెళ్ళి కూర్చోవచ్చు. బడ్జెట్ తక్కువున్నవాళ్ళకి ఒక మాట, స్పెన్స్ తన భావాల్నే నాణేల్లాంటి రాగి టోకెన్ల మీద కూడా అచ్చు కొట్టించాడు, కరపత్రాలకన్నా అవి తేలిగ్గా దొరుకుతాయి.

లండన్లో బ్రిటిష్ లైబ్రరీ రీడర్ పాస్ ఫ్రీ, పెన్ను కుదరదు పెన్సిలే. 2023 సైబర్ దాడిలో వాళ్ళ సిస్టమ్స్ బాగా దెబ్బతిన్నాయి కాబట్టి మీకు కావల్సింది ఇస్తారో లేదో ముందే కనుక్కోండి. కామన్ సెన్స్‌కి 1776 లండన్ ఎడిషన్, ఆల్మన్ అనే ప్రచురణకర్త వేసింది, అందులో రాజుని తిట్టిన చోటల్లా కేసు భయంతో ఖాళీలు వదిలేశారు, కొన్ని కాపీల్లో అప్పటి పాఠకులే సిరాతో ఆ మాటలు నింపుకున్నారు. అలాంటి చేతిరాత ఉన్న కాపీ దొరికితే పాడైందనుకుని వదిలేయకండి, అదే గొప్ప కాపీ. ఫిలడెల్ఫియాలో వేసిన మొదటి ముద్రణ మాత్రం లక్షల డాలర్ల మాట, మన వల్ల కాదు. రైట్స్ ఆఫ్ మాన్ 1791లో జాన్సన్ అనే ప్రచురణకర్త పేరుతో మొదలై ఆయన వెనక్కి తగ్గితే జోర్డాన్ అనే ఇంకొకరు వేశారు, జాన్సన్ పేరున్నవి దాదాపు కనపడవు. 1792లో సైమండ్స్ చవక ఎడిషన్ వేసి జైలుకెళ్ళాడు, నేను ఒక పాత పుస్తకాల సంతలో కొన్నది అదే. అట్ట లేదు, మూలలు నలిగాయి, చదివీ చదివీ మెత్తబడిపోయింది. నిగనిగలాడే తోలు బైండింగ్‌లో ఉన్నదానికన్నా ఇదే కావాలనుకున్నా, ఎందుకంటే కూలీలూ చెప్పులు కుట్టేవాళ్ళూ చదవాలని తగ్గించిన ధర ఇది, ప్రభుత్వం భయపడింది కూడా ఈ చవక కాపీలకే. 1847లో పూణేలో జోతిరావు ఫూలే చదివింది కూడా ఈ పుస్తకమే, అది తల్చుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

ట్రిప్‌కి ముందు ఒక ఆన్‌లైన్ సెల్లర్ కంప్లీట్ అని పంపిన కాపీలో చివరి ఆకు లేదు, రీఫండ్‌కి చాలా గొడవైంది. అందుకే మొదటి పేజీ, చివరి పేజీ, కుట్టు, మూడు ఫోటోలూ అడగందే డబ్బు కట్టకండి. లండన్ బస యూస్టన్ రోడ్డులో లైబ్రరీ ఎదురుగా ఉన్న హాస్టల్, గది చిన్నదే, లొకేషన్ కోసం తీసుకోవచ్చు.

పెయిన్ పుట్టిన థెట్‌ఫర్డ్‌కి కూడా వెళ్ళాం, 1964లో పెట్టిన బంగారు పూత విగ్రహం ఉంది, చేతిలో పుస్తకం తలకిందులుగా ఉంటుంది. కొనడానికి ఏమీ దొరకలేదు, టైమ్ తక్కువుంటే వదిలేయొచ్చు.

కొన్నది రెండు గట్టి అట్టల మధ్య పెట్టి హ్యాండ్ లగేజీలోనే తెచ్చాం. ఇంటికొచ్చాక లామినేషన్, సెల్లోటేప్ జోలికి పోవద్దు, యాసిడ్ లేని కవర్లో పెట్టి వానాకాలం తేమ, కాగితం తినే సిల్వర్‌ఫిష్ పురుగులు తగలకుండా చూసుకోవాలి.